షాపు మన ఊళ్లో.. పంచాయితీ ముంబైలో!

ఫ్రాంఛైజీ తీసుకునేవాళ్లు బ్రాండు చూస్తారు, పెట్టుబడి చూస్తారు, నెలకు ఎంత మిగులుతుందో లెక్కేస్తారు. అగ్రిమెంట్ చివరి పేజీల్లో ఉండే ఆర్బిట్రేషన్ క్లాజును మాత్రం చాలామంది తిరగేసి వదిలేస్తారు. కంపెనీతో గొడవ వచ్చిన రోజు అన్నీ ఆ క్లాజు చుట్టూనే తిరుగుతాయి. అప్పుడు మన రాష్ట్ర చట్టాలు ఎంతవరకు అక్కరకొస్తాయి? సంతకానికి ముందే తెలుసుకోవాల్సిన విషయమిది.

నెల్లూరు ట్రంకు రోడ్డు నుంచి మైపాడు బీచ్ దాకా, కావలి నుంచి ముత్తుకూరు దాకా ఓసారి బోర్డులు చదువుకుంటూ వెళ్లండి. టీ కేఫ్‌లు, బిర్యానీ పాయింట్లు, ఐస్‌క్రీం పార్లర్లు, ప్లే స్కూళ్లు, కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, రక్తపరీక్షల కలెక్షన్ సెంటర్లు, కొరియర్ పాయింట్లు. వీటిలో చాలావాటికి పేరు ఒకరిది, పెట్టుబడి ఇంకొకరిది. రొయ్యల చెరువులున్న ఊళ్లలో మేత డీలర్‌షిప్‌లు, హైవే పక్కన పెట్రోలు బంకులు కూడా దాదాపు ఆ కోవలోనివే. చట్టం దృష్టిలో తేడాలున్నా అగ్రిమెంట్ల తీరు ఒక్కటే.

చదువు పూర్తయ్యాక ‘చెన్నై, బెంగళూరు ఎందుకు, ఇక్కడే ఏదో ఒకటి పెట్టుకుందాం’ అనుకునే యువతకు ఫ్రాంఛైజీ దగ్గరి దారిలా కనిపిస్తుంది. పేరు ముందే జనానికి తెలుసు. సరుకు, శిక్షణ, బోర్డు కంపెనీయే ఇస్తుంది. మనం పెట్టాల్సింది డబ్బు, శ్రమ. ఆ డబ్బు మాత్రం సాధారణంగా ఒక్కరిది కాదు. నాన్న చెరువు మీద మిగిల్చింది కొంత, అమ్మ నగలు కుదువపెట్టి తెచ్చింది కొంత, బ్యాంకు లోను కొంత. అందుకే ఈ అగ్రిమెంట్‌లో ప్రతి వాక్యానికీ విలువ ఉంది.

ఆ క్లాజులో ఏముంటుంది?

చాలా అగ్రిమెంట్లలో మాటలు అటూ ఇటూగా ఇలా ఉంటాయి: ‘ఈ ఒప్పందం వల్ల తలెత్తే ఏ వివాదమైనా ఆర్బిట్రేషన్‌కు వెళ్లాలి. ఆర్బిట్రేటర్‌ను కంపెనీ నియమిస్తుంది. ఆర్బిట్రేషన్ సీటు ముంబై. ముంబై కోర్టులకే అధికారం ఉంటుంది’. ముంబై స్థానంలో దిల్లీ, బెంగళూరు, చెన్నై.. కంపెనీ ఎక్కడుంటే ఆ ఊరు పేరు ఉండొచ్చు.

ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు బదులుగా, రెండు పక్షాలూ ముందే ఒప్పుకొన్న పద్ధతిలో మూడో మనిషి విచారించి తీర్పు చెప్పడం. ఊళ్లో పెద్దమనుషుల దగ్గర కూర్చోవడం లాంటిదే. కాకపోతే ఇక్కడ పెద్దమనిషి చెప్పిన మాట కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. దాన్ని ‘అవార్డు’ అంటారు. అది నచ్చలేదని మామూలు అప్పీలు వేయడానికి లేదు. 1996 నాటి ఆర్బిట్రేషన్, కన్సిలియేషన్ చట్టంలోని 34వ సెక్షన్ చెప్పిన కొద్దిపాటి కారణాల మీదే కోర్టు దాన్ని కొట్టేయగలదు. దానికీ గడువు 3 నెలలే. తగిన కారణం చూపితే మరో 30 రోజులు.

‘క్లాజు ఉంటే ఉండనీ, నేను నెల్లూరు కోర్టులోనే దావా వేస్తా’ అంటే కుదురుతుందా? కంపెనీ తన మొదటి జవాబు దాఖలు చేసేలోపే 8వ సెక్షన్ కింద అర్జీ పెడుతుంది. చెల్లుబాటయ్యే ఆర్బిట్రేషన్ ఒప్పందం కనిపిస్తే కోర్టు మిమ్మల్ని అక్కడికే పంపాలి. ఈలోగా గడిచిపోయిన నెలలు, లాయరు ఫీజు మీ ఖాతాలోనే పడతాయి.

మన రాష్ట్రం ఏం చేయగలదు?

‘షాపు ఆంధ్రలో ఉంది, గొడవ ఆంధ్రలో జరిగింది, కాబట్టి ఆంధ్ర చట్టమే వర్తిస్తుంది’ అనుకోవడం సహజం. రాజ్యాంగం మాత్రం పనిని పంచి పెట్టింది. కాంట్రాక్టులు (7వ అంశం), ఆర్బిట్రేషన్ (13వ అంశం) రెండూ ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయొచ్చు. రెండింటికీ పొసగకపోతే కేంద్ర చట్టానిదే పైచేయి. రాష్ట్రపతి ఆమోదం పొందిన రాష్ట్ర చట్టం మాత్రం ఆ రాష్ట్రం వరకు నిలుస్తుంది. మధ్యప్రదేశ్ 1983లో ఇలాగే ప్రభుత్వ పనుల కాంట్రాక్టు వివాదాలకు ప్రత్యేక ట్రైబ్యునల్ చట్టం తెచ్చింది. ఆ పనుల వరకు దానిదే అధికారమని సుప్రీంకోర్టు కూడా అంగీకరించింది.

ఫ్రాంఛైజీల విషయంలో ఇలాంటి రక్షణ మనకు లేదు. ఫ్రాంఛైజీ కోసమే చేసిన చట్టం దేశంలోనే లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, ట్రేడ్‌మార్క్‌ల చట్టం, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం.. ఇలా నాలుగైదు పాత చట్టాలను కలిపి చదువుకోవాలి. అమ్మే ముందు కంపెనీ ఫలానా వివరాలు చెప్పి తీరాలన్న నిబంధన కూడా లేదు. అంటే మీరు సంతకం చేసిన అగ్రిమెంటే మీకు చట్టం.

అమెరికాలోనూ ఇదే పేచీ

అమెరికాలో గ్యాస్ స్టేషన్లు, సబ్‌వే స్టోర్లు, మోటళ్లు నడిపే మనవాళ్లు చాలామందే ఉన్నారు. ‘ఇక్కడ స్టేట్ లా ఫ్రాంఛైజీని కాపాడుతుంది’ అని వాళ్ల నోట వినే ఉంటారు. అది సగమే నిజం. 

కాలిఫోర్నియా 1970లోనే ఫ్రాంఛైజీ పెట్టుబడుల చట్టం చేసింది. ఆ చట్టం ఇచ్చిన హక్కులను కోర్టే తేల్చాలని, ఆర్బిట్రేషన్‌కు పంపకూడదని అక్కడి రాష్ట్ర సుప్రీంకోర్టు అన్నది. 7-ఇలెవన్ స్టోర్లు నడిపేవాళ్లు వేసిన కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1984లో దాన్ని తోసిపుచ్చింది. 1925 నాటి కేంద్ర ఆర్బిట్రేషన్ చట్టానికి రాష్ట్ర చట్టం అడ్డు రాకూడదని తేల్చింది. 

మోంటానా రాష్ట్రం ఇంకో దారి పట్టింది. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్న సంగతి కాంట్రాక్టు మొదటి పేజీలోనే, పెద్ద అక్షరాల్లో, కింద గీత గీసి చెప్పాలని నిబంధన పెట్టింది. సంతకం పెట్టేవాడి కంట పడేలా ఉండాలన్నదే ఉద్దేశం. అక్కడి గ్రేట్ ఫాల్స్ పట్టణంలోని సబ్‌వే ఫ్రాంఛైజీ కాంట్రాక్టులో క్లాజు తొమ్మిదో పేజీలో ఉంది. ఆర్బిట్రేషన్ జరగాల్సింది ఎక్కడో కనెటికట్‌లో. అయినా 1996లో అమెరికా సుప్రీంకోర్టు మోంటానా నిబంధనను పక్కన పెట్టింది. మిగతా క్లాజులకు లేని షరతును ఆర్బిట్రేషన్ క్లాజు ఒక్కదానికే పెట్టడం చెల్లదంది.

అయితే అక్కడి వాళ్లకు మనకు లేనిది ఒకటుంది. సంతకానికి గానీ, డబ్బు కట్టడానికి గానీ కనీసం 14 రోజుల ముందు కంపెనీ వివరాల పత్రం చేతికివ్వాలని అక్కడి కేంద్ర నిబంధన. అందులో కాంట్రాక్టు రద్దు, వివాద పరిష్కారం గురించి ప్రత్యేకంగా పట్టిక ఉంటుంది. చదువుకోవడానికి రెండు వారాల సమయం దొరుకుతుంది. మనం ఆ రెండు వారాలను అడిగి తీసుకోవాలి.

‘సీటు’.. ఒక్క మాటే, బరువు చాలా

క్లాజులో అన్నిటికన్నా ముందు చూడాల్సిన పదం ‘సీటు’. సీటు ముంబై అంటే ముంబైలో కూర్చుని మాట్లాడుకుంటారని మాత్రమే కాదు. ఆ ఆర్బిట్రేషన్‌కు సంబంధించి ఏ అర్జీ వేయాలన్నా అక్కడి కోర్టుకే వెళ్లాలి. 

ఇండస్ మొబైల్ - డేటావిండ్ కేసు ఇందుకు సరైన ఉదాహరణ. డేటావిండ్ రిజిస్టర్డ్ ఆఫీసు అమృత్‌సర్‌లో. సరుకు దిల్లీ నుంచి వచ్చేది. దాన్ని అందుకునే రిటైల్ చైన్ పార్ట్‌నర్ ఇండస్ మొబైల్ చెన్నైలో. 2014 నాటి అగ్రిమెంట్‌లో మాత్రం ఆర్బిట్రేషన్ ముంబైలో అని, ముంబై కోర్టులకే అధికారమని రాసుకున్నారు. వ్యాపారంలో ఒక్క లావాదేవీ కూడా ముంబైలో జరగలేదు. అయినా 2017 ఏప్రిల్ 19న సుప్రీంకోర్టు ముంబై కోర్టులకే అధికారమంది. సీటుగా తటస్థమైన ఊరిని ఎంచుకునే స్వేచ్ఛ పక్షాలకు ఉందని, ఎంచుకున్నాక మిగతా ఊళ్ల కోర్టులు పక్కకు తప్పుకోవాలని చెప్పింది.

దీన్ని మీ షాపుకు అన్వయించుకోండి. ఇందుకూరుపేటలో మీ ఔట్‌లెట్‌కు కంపెనీ సరుకు ఆపేసింది. వెంటనే స్టే లాంటి ఊరట కావాలంటే 9వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి. సీటు నెల్లూరైతే ఆ పని ఇక్కడే అవుతుంది. సీటు అమరావతి అని ఉన్నా రాష్ట్రం దాటక్కర్లేదు. సీటు ముంబై అయితే వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం, అక్కడో లాయరు, ప్రతి వాయిదాకూ ఖర్చు. న్యాయం మీ వైపే ఉన్నా, దాన్ని తెచ్చుకోవడానికయ్యే ఖర్చు వచ్చే డబ్బును మించితే చాలామంది వదిలేసుకుంటారు. 

ఇక్కడ ఒక తాజా పరిణామం ఉంది. 2024 అక్టోబరులో కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ఆర్బిట్రేషన్ చట్టానికి సవరణల ముసాయిదాను అభిప్రాయాల కోసం విడుదల చేసింది. దేశీయ వివాదాల్లో కాంట్రాక్టు కుదిరిన చోటో, వివాదానికి కారణం తలెత్తిన చోటో సీటుగా ఉండాలన్న ప్రతిపాదనను అందులో ఒక ప్రత్యామ్నాయంగా చేర్చారు. అలాంటి నిబంధన వస్తే చిన్న ఊళ్ల ఫ్రాంఛైజీలకు పెద్ద ఊరట. కానీ ముసాయిదా చట్టం కాదు. దాన్ని నమ్ముకుని సంతకం పెట్టకండి.

రాష్ట్రం అడుగుపెట్టే మూడు చోట్లు

ఫ్రాంఛైజీ చట్టం లేకపోయినా రాష్ట్రం మూడు చోట్ల మీ వివాదంలోకి వస్తుంది. 

*మొదటిది స్టాంపు.* కాంట్రాక్టుల మీద స్టాంప్ డ్యూటీ రేట్లు నిర్ణయించేది రాష్ట్రమే (రాష్ట్ర జాబితా, 63వ అంశం). డ్యూటీ సరిగ్గా కట్టని పత్రాన్ని స్టాంపుల చట్టం 35వ సెక్షన్ ప్రకారం సాక్ష్యంగా తీసుకోరు. మరి ఆ పత్రంలో ఉన్న ఆర్బిట్రేషన్ క్లాజు సంగతి? 2023 ఏప్రిల్ 25న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం 3-2 మెజారిటీతో, డ్యూటీ కట్టేదాకా ఆ క్లాజు చెల్లదంది. దాంతో ఆర్బిట్రేటర్ నియామకం దగ్గరే కేసులు ఆగిపోయే పరిస్థితి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 13న ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టింది. స్టాంపు లేకపోవడం సరిదిద్దుకోగల లోపమే తప్ప దానివల్ల ఒప్పందం చెల్లకుండా పోదని, ఆ సంగతి ఆర్బిట్రేటరే చూసుకుంటారని చెప్పింది.

అంటే ఇప్పుడు స్టాంపు సాకుతో మొదట్లోనే మిమ్మల్ని ఆపలేరు. అలాగని డ్యూటీ మాఫీ కాలేదు. ఆర్బిట్రేటర్ ఎదుట ఆ పత్రం మీద ఆధారపడాలంటే బకాయి డ్యూటీ, దానిపై పెనాల్టీ కట్టాల్సిందే. ఆ పెనాల్టీ పది రెట్ల దాకా వెళ్లొచ్చు. ‘వంద రూపాయల స్టాంపు పేపరు చాల్లే’ అనే మాట నమ్మకండి. ఒకే కాగితంలో లీజు లాంటి ఇతర లావాదేవీలు కలిస్తే లెక్క మారుతుంది. ఎంత పడుతుందో అనుమానముంటే 31వ సెక్షన్ కింద స్టాంపుల శాఖనే ముందుగా అడిగి తేల్చుకోవచ్చు.

*రెండోది అద్దె.* ఫ్రాంఛైజీలో నిజానికి రెండు కాగితాలుంటాయి. కంపెనీతో ఒకటి, బిల్డింగు ఓనరుతో ఒకటి. రెండూ వేర్వేరు దారుల్లో నడుస్తాయి. 2020 డిసెంబరు 14న విద్యా డ్రోలియా కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. మామూలు ఆస్తి బదిలీ చట్టం కిందకు వచ్చే అద్దె తగాదాలను ఆర్బిట్రేషన్‌కు పంపొచ్చు. రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం వర్తించి, దానికంటూ ప్రత్యేక కోర్టు ఉంటే మాత్రం కుదరదు. కాబట్టి కంపెనీతో పేచీ ముంబైలో, ఓనరుతో పేచీ నెల్లూరులో.. ఏకకాలంలో నడవొచ్చు. కంపెనీ ఏడాదికే ఫ్రాంఛైజీ రద్దు చేస్తే, ఓనరుతో మీరు రాసుకున్న మూడేళ్ల లాకిన్ దానంతటదే పోదు. బోర్డు దిగిపోయాక కూడా అద్దె కడుతూనే ఉండాల్సి రావొచ్చు. ‘ఫ్రాంఛైజీ రద్దయితే లీజు కూడా ముగించుకునే హక్కు’ అని ఓనరు కాగితంలో ఒక్క వాక్యం రాయించుకోవడం ఎంతో మేలు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించడం మరవొద్దు.

*మూడోది సూక్ష్మ, చిన్న పరిశ్రమల కౌన్సిల్.* 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం కేంద్రానిదే అయినా, బకాయిల వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిళ్లను ఏర్పాటు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. ఈ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా సరే, సరఫరాదారు ఉన్న చోటి కౌన్సిల్‌కు అధికారం ఉంటుంది. అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నా ఈ దారి మూసుకుపోదని 2022 అక్టోబరు 31న మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైగా ఆలస్యమైన బకాయి మీద రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది.

వినడానికి బాగుంది కదా! కానీ ఇది అందరికీ వర్తించదు. కంపెనీకి మీరు సరుకో, సేవో అందించి, డబ్బు రావాల్సి ఉన్నప్పుడే పనికొస్తుంది. కంపెనీ సరుకును తెచ్చి అమ్మే రిటైలరుకు ఉద్యమ్ నమోదు ఉన్నా, అది ప్రధానంగా బ్యాంకు రుణాల కోసమే. 2021 జులైలో వ్యాపారులను ఎంఎస్ఎంఈల్లో చేర్చినప్పుడు కేంద్రం పెట్టిన పరిమితి అది. కంపెనీ తరఫున శిక్షణ ఇచ్చే కేంద్రం, కంపెనీకి వంటసరుకు తయారు చేసి పంపే యూనిట్ లాంటివి ఈ దారిని పరిశీలించొచ్చు. ఉద్యమ్ నమోదు మాత్రం ముందే ఉండాలి. గొడవయ్యాక నమోదు చేసుకుని పాత సరఫరాలకు లాభం అడిగితే కుదరదని మహాకాళి ఫుడ్స్ తీర్పే చెప్పింది.

తీర్పు చెప్పే మనిషిని ఎవరు పిలుస్తారు?

‘ఆర్బిట్రేటర్‌ను మా ఎండీ నియమిస్తారు’ అని అగ్రిమెంట్‌లో ఉంటే ‘ఇక మన పని అయిపోయింది’ అని కుంగిపోకండి. ఫలితంలో స్వప్రయోజనం ఉన్న వ్యక్తి ఏకైక ఆర్బిట్రేటర్‌ను నియమించడానికి వీల్లేదని 2019 నవంబరు 26న పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 నవంబరు 8న రాజ్యాంగ ధర్మాసనం కూడా ఒక పక్షమే ఏకపక్షంగా ఆర్బిట్రేటర్‌ను నియమించే పద్ధతిని తప్పుపట్టింది. మీ అభ్యంతరాన్ని లిఖితపూర్వకంగా చెప్పండి. అప్పుడు హైకోర్టుకు వెళ్లి 11వ సెక్షన్ కింద తటస్థుడిని నియమించమని అడగొచ్చు.

ఒక్క జాగ్రత్త. వివాదం వచ్చాక ‘మీరు పెట్టిన ఆర్బిట్రేటర్ నాకు సమ్మతమే’ అని రాసిచ్చారంటే ఆ హక్కును మీరే వదులుకున్నట్టు. రాజీ మాటల మధ్యలో ఇలాంటి కాగితాలు వస్తుంటాయి. చదవకుండా సంతకం పెట్టొద్దు.

మూడేళ్లు.. చూస్తుండగానే అయిపోతాయి

శిక్షణ సంస్థల ఫ్రాంఛైజీ తీసుకోవాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన కేసు ఆరిఫ్ అజీం - ఆప్టెక్. కాబూల్‌కు చెందిన సంస్థ 2013లో ఆప్టెక్‌తో మూడు ఫ్రాంఛైజీ ఒప్పందాలు చేసుకుంది. తర్వాత భారత సాంస్కృతిక సంబంధాల మండలి కోసం నడిపిన ఓ కోర్సు డబ్బు విషయంలో తేడా వచ్చింది. ఉత్తరాలు, ఈమెయిళ్లు, రాజీ ప్రయత్నాలు ఏళ్ల తరబడి నడిచాయి. ఆర్బిట్రేషన్ కోరుతూ నోటీసు ఇచ్చింది 2022 నవంబరులో. 

అసలు గడువు 2018 మార్చి 28న మొదలైందని, అంటే 2021 మార్చితోనే ముగియాలని సుప్రీంకోర్టు లెక్కగట్టింది. కొవిడ్ కాలాన్ని, అంటే 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా, గడువు లెక్కలోంచి తీసేయాలన్న ఉత్తర్వు ఉండబట్టి ఆ క్లెయిమ్ బతికింది. 2024 మార్చి 1న కోర్టు ఆర్బిట్రేటర్‌ను నియమించింది. ఇక ముందు ఎవరికీ ఆ అదృష్టం ఉండదు. ‘చూద్దాం, మాట్లాడుకుందాం’ అని కంపెనీతో ఈమెయిళ్లు నడిపినంత మాత్రాన గడువు ఆగదు. హక్కు పుట్టిన రోజు నుంచి మూడేళ్లలోపు 21వ సెక్షన్ నోటీసు వెళ్లాల్సిందే.

గెలిస్తే ఎంత వస్తుంది?

ఇది ఎవరూ ముందుగా అడగని ప్రశ్న. అగ్రిమెంట్‌లో ‘30 రోజుల నోటీసుతో, కారణం చెప్పకుండా ఎవరైనా రద్దు చేసుకోవచ్చు’ అని ఉంటే సంగతేంటి? ఇండియన్ ఆయిల్ - అమృత్‌సర్ గ్యాస్ సర్వీస్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. డిస్ట్రిబ్యూటర్‌షిప్ రద్దు తప్పని ఆర్బిట్రేటర్ తేల్చి, దాన్ని తిరిగి ఇవ్వమన్నారు. 1990లో సుప్రీంకోర్టు మొదటి భాగాన్ని అలాగే ఉంచింది. రెండో భాగాన్ని కొట్టేసింది. నోటీసుతో రద్దయ్యే కాంట్రాక్టును బలవంతంగా నిలబెట్టలేమని, ఆ 30 రోజుల నష్టపరిహారమే దక్కుతుందని చెప్పింది. 

అంటే కేసు గెలిచినా చేతికొచ్చింది నెల రోజుల డబ్బు. షాపు ఇంటీరియర్‌కు పాతిక లక్షలు పోసిన మనిషికి ఇది ఎంత దెబ్బో ఊహించుకోండి. అందుకే ఆర్బిట్రేషన్ క్లాజు ఎంత ముఖ్యమో, రద్దు క్లాజు అంతే ముఖ్యం. పెట్టుబడి తిరిగొచ్చేదాకా, కనీసం మొదటి రెండు మూడేళ్లు, కారణం లేకుండా రద్దు చేయకూడదని అడగండి.

ఖర్చు లెక్క కూడా చూసుకోండి. ఆర్బిట్రేషన్ చట్టం నాలుగో షెడ్యూల్‌లో ఫీజుల నమూనా ఉంది. రూ.20 లక్షల క్లెయిమ్‌కు దాని ప్రకారం ఫీజు రూ.97,500. ఒక్కరే ఆర్బిట్రేటరైతే మరో 25 శాతం కలిపి రూ.1,21,875. సాధారణంగా రెండు పక్షాలూ సగం సగం ముందుగా కట్టాలి. లాయరు ఫీజు, ప్రయాణాలు వేరే. ఈ షెడ్యూల్ అందరూ పాటించి తీరాల్సింది కాదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, ‘నాలుగో షెడ్యూల్ ఫీజే వర్తిస్తుంది’ అని అగ్రిమెంట్‌లో రాయించుకుంటే మంచిది.

సంతకానికి ముందు అడగాల్సినవి

• సీటు ఎక్కడ? నెల్లూరు కుదరకపోతే కనీసం అమరావతి, చెన్నై, హైదరాబాద్‌లలో దగ్గరిది అడగండి. అదీ ఒప్పుకోకపోతే ‘విచారణలు ఆన్‌లైన్‌లో’ అన్న వాక్యం చేర్పించండి.
• ఆర్బిట్రేటర్‌ను ఇద్దరూ కలిసి ఎంచుకుంటారా? లేదంటే ఏదైనా ఆర్బిట్రేషన్ సంస్థ నియమిస్తుందా?
• చిన్న మొత్తాలకు 29బి సెక్షన్ కింద ఆరు నెలల్లో ముగిసే ఫాస్ట్‌ట్రాక్ పద్ధతికి ఒప్పుకొంటారా?
• రద్దు ఎప్పుడు, ఏ కారణాలతో? డిపాజిట్ ఎన్ని రోజుల్లో వెనక్కి? మిగిలిన స్టాకు ఎవరు తీసుకుంటారు?
• అగ్రిమెంట్ ఏ రాష్ట్రంలో కుదురుతోంది? స్టాంప్ డ్యూటీ ఎవరు కడతారు? అసలు ప్రతి ఎవరి దగ్గర ఉంటుంది?
• కంపెనీ ప్రతినిధి నోటిమాటగా చెప్పిన లాభం, ‘మీ ఏరియాలో ఇంకొకరికి ఇవ్వం’ అన్న హామీ కాగితం మీద ఉన్నాయా?

‘పెద్ద కంపెనీ మన మాట వింటుందా?’ అంటారు. అన్నీ వినకపోవచ్చు. అయితే కొత్త ఊళ్లలో విస్తరించాలనుకునే బ్రాండ్లకు మీ అవసరమూ ఉంది. సీటు మార్చకపోయినా ఆన్‌లైన్ విచారణకు, ఆర్బిట్రేటర్ ఉమ్మడి ఎంపికకు ఒప్పుకోవడంలో వాళ్లకు పెద్ద నష్టం లేదు. ఒక్క అక్షరమూ మార్చబోమన్న కంపెనీతో రేపు గొడవొస్తే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసినట్టు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల!

ఇప్పటికే గొడవ మొదలైతే..

సరుకు ఆగిన తేదీ, వచ్చిన ఈమెయిళ్లు, కట్టిన రాయల్టీ రసీదులు, వాట్సాప్ సందేశాలు తేదీలవారీగా ఒకచోట పెట్టండి. మూడేళ్ల లెక్క ఏ రోజు మొదలైందో లాయరుతో కూర్చుని తేల్చుకోండి. అగ్రిమెంట్‌పై స్టాంపు సరిపోయిందో లేదో చూపించండి. కోపంలో బోర్డు పీకేయడం, రాయల్టీ ఆపేయడం చేయకండి. మీరే ఒప్పందం తప్పారని అవతలివాళ్లు చెప్పడానికి అదే చాలు. సరుకో, డిపాజిట్టో చేజారే ప్రమాదం ఉంటే 9వ సెక్షన్ ఊరట గురించి ఆలస్యం చేయకుండా అడగండి.

ఆర్బిట్రేషన్ అంటే చెడ్డదేమీ కాదు. పక్షాలు తమ వాదనలు దాఖలు చేయడం పూర్తయ్యాక 12 నెలల్లో, ఇద్దరూ ఒప్పుకొంటే మరో ఆరు నెలల్లో అవార్డు రావాలని చట్టం చెబుతోంది. సివిల్ కోర్టులో ఏళ్ల తరబడి తిరగడంతో పోలిస్తే చిన్న వ్యాపారికి ఇది మేలే. సీటు అందుబాటులో ఉండి, ఆర్బిట్రేటర్ తటస్థుడైతేనే ఆ మేలు చేతికందుతుంది.

లా, కామర్స్ చదువుతున్నవాళ్లు దీన్ని మరో వైపు నుంచీ చూడొచ్చు. మన జిల్లాలో ఫ్రాంఛైజీ, డీలర్‌షిప్, లీజు కాగితాలపై సంతకాలు పెడుతున్నవాళ్లకు కొదవ లేదు. సంతకానికి ముందు వాటిని చదివి, తెలుగులో విడమర్చి చెప్పగలిగినవాళ్లే తక్కువ. కాంట్రాక్టు డ్రాఫ్టింగ్, ఆర్బిట్రేషన్ చట్టం, స్టాంపుల చట్టం.. ఈ మూడింటి మీద పట్టు సాధిస్తే పెద్ద నగరానికి వెళ్లకుండానే పని దొరుకుతుంది. ఆ సలహా కోసం ఖర్చు పెట్టే కొద్దిపాటి మొత్తం, ఒక కుటుంబం దాచుకున్న సొమ్మును కాపాడుతుంది.

కంపెనీ ప్రతినిధి అగ్రిమెంట్ తెచ్చి ‘ఇవాళే సంతకం చేస్తే డిస్కౌంటు’ అంటే, రెండు వారాలు గడువు అడగండి. ఆ రెండు వారాల్లో చివరి పేజీల నుంచి మొదలుపెట్టి వెనక్కి చదవండి.